ముక్కునిండా పని

పంజరంలో వేలాడే బొమ్మను ముచ్చటకు పెట్టిన అలంకారంగా చూడటం పెంపకందారులలో వాడుకే అయినా, జంతు ప్రవర్తనా శాస్త్రం మాత్రం దాన్ని పక్షికి తిరిగి ఇచ్చిన పనిగా లెక్కగడుతుంది. బయట బతికే చిలుక మేత వెతకడం, కంకిని వంచి పట్టుకోవడం, పొట్టు ఒలవడం, పుల్ల చీల్చడం, తొర్ర అంచులు చెక్కడం వంటి పనులతోనే పొద్దు పుచ్చుతుంది. పంజరంలోని చిలుక గిన్నెలో పోసిన గింజలను కాసేపట్లో ముగించి, మిగిలిన పగలంతా ముక్కుకు, కాలికి, బుర్రకు ఏ పనీ లేక దండెం మీద కూర్చుంటుంది. ఆ ఖాళీని నింపేదే బొమ్మ కనుక అది ఎంత అందంగా ఉందన్నది అప్రస్తుతం. అది పక్షికి ఎంతసేపు పని పెట్టింది, పక్షికి హాని చేయకుండా ఎలా ముక్కలైంది అన్న రెండు ప్రశ్నలే దాని విలువను తేలుస్తాయి.

గుంటూరు, ప్రకాశం మైదానంలో ఈ రెండో ప్రశ్నకు బరువెక్కువ. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పల్నాడు, బాపట్ల అనే కొత్త పేర్లు వచ్చినా, నల్లరేగడిలో పత్తి, మిరప వేసే ఈ నేల స్వభావం మారలేదు. బొమ్మకు కావలసిన తాటాకు, కొబ్బరి చిప్ప, జొన్న కంకి, నూలు, వేపపుల్ల ఇక్కడ చేతికందే దూరంలో, చాలావరకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. అయితే పురుగుమందుల పిచికారీకి పేరుపడిన పంటలు రెండూ ఇక్కడివే కావడం వల్ల, ఏ పుల్ల ఏ గట్టు మీది నుంచి వచ్చిందో తెలియకుండా పంజరంలో పెట్టడం ప్రమాదంతో కూడుకున్న పని అవుతుంది. ఈ ప్రాంతంలో సురక్షితమైన బొమ్మ తయారీకి చేతిపని నేర్పు కన్నా ముందు కావలసింది సరుకు పుట్టుపూర్వోత్తరాల ఎరుక.

ఏ చిలుకకు బొమ్మ

ముందుగా తేలవలసింది పంజరంలో ఉన్నది ఏ పక్షి అన్న విషయం. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది, 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాక అది రెండో షెడ్యూలులో చేరింది. దేశీయ అడవి పక్షులను పట్టి అమ్మడం 1990–91 నుంచే నిషిద్ధం. జోస్యగాళ్ల పెట్టెలో చీటీ తీసే చిలుకైనా, వసారాలో వేలాడే పంజరంలోని చిలుకైనా చట్టం దృష్టిలో ఒకటే కాబట్టి, రామచిలుకకు ఎలాంటి బొమ్మ చేయాలన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. అలాంటి పక్షి ఇంట్లో ఉన్నవారు సంప్రదించవలసింది అటవీ శాఖను.

చట్టబద్ధంగా పెంచదగినవి విదేశీ జాతులు. ఊళ్లలో లవ్ బర్డ్స్ పేరుతో జతలుగా అమ్ముడయ్యే చిన్న పక్షుల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాకు చెందిన బడ్జరీగర్లు. వాటి తరవాత తలమీద కుచ్చు ఉన్న కాకటీల్, ఆఫ్రికాకు చెందిన అసలు లవ్ బర్డ్, దక్షిణ అమెరికా కాన్యూర్, అరుదుగా ఆఫ్రికన్ గ్రే కనిపిస్తాయి. అంతర్జాతీయంగా జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం పట్టికల్లో చిలుక జాతులు దాదాపు అన్నీ ఉన్నాయి. బడ్జరీగర్, కాకటీల్, గులాబీ ముఖపు లవ్ బర్డ్ మాత్రం వాటి బయట ఉన్న కొద్ది జాతుల్లోవి. పట్టికల్లో ఉన్న పక్షిని పెంచేవారు 2024 ఫిబ్రవరిలో వెలువడిన కేంద్ర నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో దాన్ని నమోదు చేయించుకోవాలి. ముప్ఫై నలభై గ్రాముల బడ్జరీగర్‌కు, నాలుగైదు వందల గ్రాముల ఆఫ్రికన్ గ్రేకు ముక్కు బలంలో పోలికే లేదు. ఒకదానికి సరిపోయిన బొమ్మ రెండోదాని చేతిలో క్షణాల్లో పిప్పి అవుతుంది. పెద్దదానికి చేసిన బొమ్మ సందుల్లో చిన్న పక్షి తల ఇరుక్కుంటుంది.

పని లేని ముక్కు

చిలుక ముక్కు జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది, కొరకడం వల్ల అరుగుతూ ఉంటుంది. రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు ఉండే దాని పాదం కొమ్మను పట్టుకోవడానికే కాక కాయను నోటిదాకా ఎత్తడానికి కూడా పనికివస్తుంది. ఇన్ని పనిముట్లు ఉన్న ప్రాణికి పని లేకపోతే ఏమవుతుందన్నది ప్రయోగాల్లో తేలిన విషయమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో మీహాన్, మిల్లమ్, మెంచ్ అనే పరిశోధకులు నారింజ రెక్కల అమెజాన్ చిలుక పిల్లలను రెండు వర్గాలుగా పెంచి 2003లో ఫలితాలు ప్రకటించారు: అడ్డు కొరికితేనో, మూత తెరిస్తేనో తప్ప మేత దొరకని ఏర్పాట్లు ఉన్న పంజరాల్లోని పక్షుల ఈకలు బాగుండగా, ఖాళీ పంజరాల్లోనివి తమ ఈకలను తామే పీక్కున్నాయి, తరవాత వాటికీ అవే ఏర్పాట్లు చేసినప్పుడు ఈకల స్థితి మెరుగుపడింది. 2021లో ప్రచురితమైన మరో అధ్యయనం అనేక చిలుక జాతులను పోల్చి, అడవిలో గట్టి కాయలనూ గింజలనూ విప్పుకొని తినే జాతులే పంజరంలో ఎక్కువగా ఈకలు పీక్కుంటున్నాయని, శరీరంతో పోలిస్తే పెద్ద మెదడు ఉన్న జాతులు చేసిన పనే చేస్తూ ఉండే అర్థం లేని కదలికలకు ఎక్కువగా లోనవుతున్నాయని తేల్చింది.

అద్దం, గంట, ప్లాస్టిక్ పక్షి వంటి దుకాణపు బొమ్మలు ఈ దృష్టితో చూస్తే దండగ సరుకు. ఒంటరి బడ్జరీగర్ అద్దంలోని ప్రతిబింబానికి మేత కక్కి పెట్టే ప్రయత్నంలో రోజులు గడపడం పెంపకందారులకు తెలిసిన దృశ్యమే, దానివల్ల పక్షికి ఒరిగేదేమీ లేదు. మేతను దాచి, దాన్ని సాధించుకోవడానికి ముక్కును, కాలిని వాడక తప్పని స్థితి కల్పించేదే మేలైన బొమ్మ.

కొర్ర కంకి, వరి కుచ్చు

సంక్రాంతి రోజుల్లో కొత్త వరికంకులను కుచ్చుగా అల్లి ఇంటి చూరుకో, గుడి మండపానికో పిట్టల కోసం కట్టడం తెలుగునాట పాత ఆచారం. జడ అల్లినట్టు బిగించిన ఆ కుచ్చులో కంకులు కిందికి వేలాడుతుంటే, పిట్ట తలకిందులుగా పట్టుకొని ఒక్కో గింజనూ లాక్కోవాలి తప్ప కూర్చొని మెక్కడానికి వీలుండదు. మేతకు పనిని ముడిపెట్టే సూత్రం అందులో మొత్తం ఉంది. పంజరపు చిలుకలకు ఇంతకన్నా తేలికైన, ఇంతకన్నా మేలైన మొదటి బొమ్మ మరొకటి చెప్పడం కష్టం. దారానికి బదులు గడ్డినే మెలిపెట్టి కట్టడం ఒక్కటే ఇక్కడ కావలసిన మార్పు.

చిన్న పక్షులకు వరి కన్నా ఇష్టమైనది కొర్ర. పెంపుడు జంతువుల దుకాణాల్లో మిల్లెట్ స్ప్రే అని అట్టపెట్టెలో పెట్టి ఖరీదుగా అమ్మే ఎండు కంకి సాధారణంగా ఈ కొర్ర కంకే. ప్రకాశం మెట్టపొలాలకు పాత చుట్టమైన పంటను పొట్లాంలో కొనుక్కోవడం వింతే అయినా, పట్టణవాసికి కంకి రూపంలో కొర్ర దొరకడం ఇప్పుడు అంత సులువు కాదు. దొడ్లో ఒక మడి చల్లుకుంటే ఏడాదికి సరిపడా వస్తుంది. సజ్జ కంకి, జొన్న కంకి కూడా అంతే పనికివస్తాయి. అయితే విత్తడానికి అమ్మే గింజలు వేరు, తినే గింజలు వేరు: ఎరుపో నీలమో రంగు పూసి వచ్చే విత్తనాలకు పురుగుమందో, తెగులుమందో పట్టించి ఉంటారు, వాటిని ఎంత కడిగినా పక్షికి పెట్టరాదు.

తెనాలి వైపు వరి కోసిన మాగాణుల్లో వేసే మొక్కజొన్న నుంచి రెండు సరుకులు వస్తాయి. పొత్తు మీది పొరలు చిన్న పక్షులు చీల్చుకోవడానికి, మేత చుట్టి పొట్లాలు కట్టడానికి బాగుంటాయి. గింజలు ఒలిచిన కండె ఎండితే గట్టిపడి కాకటీల్ ముక్కుకు సరిగ్గా తగిన చెక్కుడు పని ఇస్తుంది. రెండింటికీ శత్రువు బూజు. తేమ మీద పెరిగే ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది, ఆ విషానికి పక్షుల కాలేయం తేలిగ్గా లొంగిపోతుంది. అసలు అఫ్లటాక్సిన్ మనిషి దృష్టికి వచ్చిందే 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు. మేత దాచే బొమ్మల్లో వేరుశనగ పెట్టదలచినవారు మనుషుల కోసం శుభ్రంగా ఏరి వేయించిన ఉప్పులేని పప్పు ఒకటి రెండు బద్దలు పెట్టడం మేలు, ముక్కిపోయిన కాయలను పక్షికని కేటాయించే అలవాటు మాత్రం మానుకోవాలి.

కొమ్మల విషయంలో వేప, జామ, మునగ, సరుగుడు, జామాయిలు ధైర్యంగా వాడదగినవి. కొమ్మ లావు పక్షి పాదం దాని చుట్టూ మూడింట రెండు వంతులు పట్టేంత ఉండాలి. బెరడు తీయకూడదు, ఎందుకంటే బెరడు ఒలవడమే పక్షికి అసలు పని. పిచికారీ జరిగే చేనుకు దూరంగా ఉన్న పెరటి చెట్టు నుంచి కోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి, మరిగే నీళ్లు పోసి, గుంటూరు ఎండలో గలగలలాడేదాకా ఆరబెడితే పురుగు, గుడ్లు పోతాయి. ప్రకాశంలో కాగితపు మిల్లుల కోసం విస్తారంగా పెంచే సుబాబుల్‌ను మాత్రం పక్కన పెట్టాలి, దాని ఆకుల్లో, గింజల్లో మిమోసిన్ అనే హానికర పదార్థం ఉంది. జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, పచ్చ గన్నేరు సంగతి చెప్పనక్కరలేదు. జాతీయ రహదారుల మధ్య వరసగా పెంచే ఎర్ర గన్నేరు చూడటానికి చక్కని తిన్నని కొమ్మే అయినా, ఆకు నుంచి బెరడు దాకా గుండెను ఆపే విషంతో నిండి ఉంటుంది. చివరగా గురిగింజ: నలుపు ఎరుపుల ఆ గింజలను పూసలుగా గుచ్చిన గొలుసులు ఇప్పటికీ సంతల్లో కనిపిస్తాయి. గట్టి పెంకు పగలనంతవరకు అది మనిషి కడుపులోంచి హాని లేకుండా బయటపడవచ్చు గాని, పెంకు పగలగొట్టడమే వృత్తిగా పుట్టిన ముక్కుకు దాన్ని అందించడమంటే అబ్రిన్ అనే ప్రాణాంతక విషాన్ని విప్పి చేతిలో పెట్టడమే.

మిరప: ఘాటు తెలియని నాలుక

ఎండు మిరపకాయల దండ చిలుకకు నిజంగానే మంచి బొమ్మ. కాయను ఒక కాలితో పట్టుకొని, తొడిమ దగ్గర కొరికి, తొక్కను నిలువునా చీల్చి, గింజలను ఒక్కొక్కటే నాలుకతో పై ముక్కు అంచుకు నొక్కి పొట్టు తీసి తినే క్రమం చూస్తే, ఒక్క కాయే ఎంత పని కల్పిస్తుందో అర్థమవుతుంది. ఘాటు దానికి తెలియదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం క్షీరదాల నాడుల్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహక ప్రోటీన్‌ను తట్టి మంట పుట్టిస్తుంది. పక్షుల్లోని అదే ప్రోటీన్ వేడిని గుర్తించినా క్యాప్సైసిన్‌కు స్పందించదని యోర్ట్, జూలియస్ 2002లో కోడి ప్రోటీన్‌తో చేసిన పరిశోధనలో చూపారు. ఈ గ్రాహకాన్ని కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కోడి ప్రోటీన్ పరిశోధనకు ముందు ఏడాది, 2001లో, టూక్స్‌బరీ, నభాన్ అరిజోనా అడవి మిరప మీద చేసిన అధ్యయనం ఎలుకలు ఆ కాయల జోలికి పోవని, వాటిని తిన్న పక్షుల రెట్టల్లో గింజలు చెడకుండా బయటపడి మొలకెత్తుతాయని వివరించింది. మిరప మొక్క తన ఘాటు నుంచి పక్షులకు మినహాయింపు ఇచ్చింది గింజలు మోసుకుపోతాయన్న లెక్కతోనే అనుకుంటే, గింజనే కొరికి తినే చిలుక ఆ విందుకు పిలవని పేరంటం.

ప్రకృతి పెట్టిన ఈ అనుకూలత మార్కెట్ యార్డు మిరపకు వర్తించదు. దేశంలోనే పేరున్న గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే టిక్కీల (బస్తాల) వెనుక ఒక పంటకాలపు పిచికారీ అంతా ఉంటుంది. 2021–22లో నల్ల తామర పురుగు ఈ జిల్లాల్లో తోటలకు తోటలనే ముంచినప్పుడు రైతులు దొరికిన మందల్లా కొట్టి చూడవలసి వచ్చింది. కోత తరవాత కల్లంలో ఆరబోత, వాన తగిలితే బూజు, శీతల గిడ్డంగిలో నెలల తరబడి నిల్వ. కూరలో చిటికెడు కారం తినే మనిషికీ, కాయను తొక్కతో సహా నమిలే ముప్ఫై గ్రాముల పక్షికీ ఆ మందు శేషం ఒకే మోతాదు కాదు. రంగు తప్పి తెల్లబారిన తాలు కాయలు చవకగా దొరుకుతాయని వాటిని బొమ్మలకు వాడటం అన్నిటికన్నా చెడ్డ పొదుపు, తాలుతనానికి కారణం చాలాసార్లు శిలీంధ్రమే కాబట్టి. పక్షికి పెట్టే మిరప ఇంటి కుండీలోనో దొడ్లోనో మందు కొట్టకుండా పెంచినదై ఉండాలి. మొక్క ఆకులు, కాండం పెట్టకూడదు. కాయను తొడిమతో సహా తాటాకు పీలికకు గుచ్చి కట్టడం చాలు. పక్షికి మంట లేకపోయినా దాని ముక్కు తుడుచుకున్న దండేన్ని పట్టుకొని కన్ను నులుముకునే పిల్లవాడికి ఉంటుందన్నది ఇంట్లోవారు గుర్తుంచుకోవలసిన చిన్న సంగతి.

పురుగుమందుల పట్ల పక్షుల బలహీనతకు పెద్ద ఉదాహరణ అర్జెంటీనాలో నమోదైంది. 1995–96లో అక్కడి పొలాల్లో మిడతల మీద చల్లిన మోనోక్రోటోఫాస్ వల్ల, ఉత్తర అమెరికా నుంచి చలికాలానికి వచ్చిన స్వైన్‌సన్ గద్దలు వేల సంఖ్యలో చనిపోయాయి. అదే మందు పత్తి రైతులకు దశాబ్దాలుగా చిరపరిచితం. అందువల్ల చేలగట్ల మీది పుల్లలు, ఖాళీ మందు సీసాల మూతలు, మిరప మోసిన గోనెసంచుల ముక్కలు, యూరియా బస్తాల పోగులు బొమ్మ సరుకుల పట్టికలో అసలు ఉండరాదు. పత్తికట్టె కూడా అంతే. 1980ల చివర్లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు పత్తిని తుడిచిపెట్టినప్పటి నుంచి ఆ పంటకు మందుతో ముడిపడిన చరిత్ర ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పవలసినది కాదు.

పత్తి, దారం, లోహం

చిలుక బొమ్మలతో జరిగే ప్రమాదాల్లో విషంతో పాటు తరచుగా కనిపించేది దారం. కొత్త నూలు తాడు మెత్తగా ఉండి పక్షికి నచ్చుతుంది. నమిలిన కొద్దీ పోగులు విడిపోయి వేలాడతాయి. ఒక పోగు కాలివేలికి చుట్టుకుంటే పక్షి విడిపించుకోవడానికి గుంజిన కొద్దీ బిగుసుకొని రక్తం ఆగి, వేలే పోవచ్చు. మింగిన పోగులు మెడ దిగువన గింజలు నానే మేతసంచిలో ఉండలు కట్టి దారిని మూసేస్తాయి. చీరాల, మంగళగిరి మగ్గాల దగ్గర మిగిలే పడుగు కొసలు చవకైన సరుకే అయినా, రంగు, గంజి పట్టిన సన్నని పోగులు కావడం వల్ల చిన్న పక్షులకు అవి ఉరితాళ్లతో సమానం. తాడు వాడక తప్పనిచోట లావుపాటి రంగులేని నూలు తాడును బెత్తెడుకు మించని ముక్కగా, రెండు కొసలా ముడి బిగించి, పోగు లేచిన రోజే తీసేసే కట్టుబాటుతో వాడాలి. జనపనార తాళ్లకు మిల్లులో ఖనిజ నూనె పట్టిస్తారు, నైలాన్ పోగు తెగదు కాబట్టి రెండూ వద్దు. తాటాకు పీలిక వీటన్నిటికన్నా మేలు: గుంజితే తెగుతుంది, నమిలితే పిప్పవుతుంది, వేలికి చుట్టుకోదు. పత్తికాయను గింజతో సహా ఇవ్వడం ముద్దుగా కనిపించినా, పత్తిగింజలో గాసిపాల్ అనే విష పదార్థం ఉండటం వల్ల అది కూడా కూడదు.

లోహంలో రెండు పేర్లు గుర్తుంటే చాలు, జింకు, సీసం. తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన జి.ఐ. తీగను చిలుక రోజూ కొరికి ఆ పూతను మింగుతుంది. కొత్త పంజరంలో పెట్టిన పక్షులు వారాల్లో జబ్బుపడటాన్ని పశువైద్యులు కొత్త తీగ జబ్బు అని పిలిచేది ఇందుకే. సీసం చేపలవల బరువుల్లో, టంకంలో, పాత తలుపుల రంగు పెచ్చుల్లో ఉంటుంది. ఇళ్ల రంగుల్లో సీసాన్ని పదిలక్షలకు 90 వంతులకు పరిమితం చేసిన కేంద్ర నియమం 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు కాబట్టి, అంతకు ముందు రంగు వేసిన ఏ చెక్కనూ నమ్మరాదు. కొక్కేలు వంటింటి గిన్నెల రకం స్టీలువి కావాలి. తాళాల రింగుల సందులో ముక్కు ఇరుక్కుంటుంది, గజ్జెల చీలికలో వేలు ఇరుక్కుంటుంది. గంట కట్టాలంటే నోరు వెడల్పుగా తెరుచుకున్నది కట్టి, లోపలి నాలుక ఊడిరాదని లాగి చూడాలి.

పిల్లల బొమ్మలను పక్షికి ఇవ్వడం మరో అలవాటు. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసిన ఉత్తర్వు అవి చప్పరించే పసివాడికి భద్రం కావాలన్న లెక్కతో వచ్చింది గాని, ప్లాస్టిక్‌ను పొడి చేసే ముక్కును దృష్టిలో పెట్టుకొని కాదు. కొండపల్లి బొమ్మకు వాడే తెల్లపొణికి చెక్క ఎంత మెత్తనిదైనా, పైన వేసిన రంగులు చూడటానికే తప్ప కొరకడానికి కావు. కాగితం విషయంలో, ఆహారాన్ని వార్తాపత్రికల్లో కట్టవద్దని దేశ ఆహార భద్రతా సంస్థ 2016 నుంచి చెబుతున్న కారణమే ఇక్కడా చెల్లుతుంది: సిరా. అచ్చు లేని తెల్ల కాగితం, దుకాణపు గోధుమరంగు కాగితం ఉండగా దినపత్రికను పంజరం అడుగున పరచడానికి పరిమితం చేయడం ఉచితం.

ఒక చిప్ప తయారీ

అర కొబ్బరి చిప్ప ఈ సూత్రాలన్నీ ఒక్కచోట కలిసే బొమ్మ. లోపలి కొబ్బరిని మిగలకుండా గీకాలి, మిగిలితే నూనె కారి బూజు పడుతుంది. పైన పొడుగాటి పీచు లాగేసి, అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్ది, కడిగి ఎండబెట్టాక, ఎర్రగా కాల్చిన ఇనుప మేకుతో అంచుకు దగ్గరగా మూడు రంధ్రాలు, అడుగున ఒకటి వేయాలి. ఈ పని పక్షికి దూరంగా, ఆరుబయట జరగాలి. గాలి ఒకే దిశలో సాగిపోయే పక్షి ఊపిరితిత్తులు పొగను మనిషి కన్నా ఎంతో వేగంగా పీల్చుకుంటాయి, నాన్‌స్టిక్ పెనం మాడిన ఆవిరికి పక్కగదిలోని చిలుకలు చనిపోయేది ఆ కారణంగానే. గంటసేపు నీళ్లలో నానిన తాటాకును వేలి వెడల్పు పీలికలుగా చీల్చి, మూడింటిని అంచు రంధ్రాల్లో దూర్చి పైన ఒకే స్టీలు కొక్కేనికి కట్టి, నాలుగోదాన్ని అడుగు రంధ్రంలోంచి కిందికి వదిలి దాని కొసకు జామపుల్ల ముక్కో మిరపకాయో బిగిస్తే చట్రం సిద్ధమవుతుంది. రంధ్రం పీలికతో పూర్తిగా నిండాలి, వేలు దూరే ఖాళీ మిగలకూడదు. వేలాడే పీలిక పక్షి మెడ చుట్టూ తిరిగేంత పొడవు ఉండకూడదు. చిప్పలో చెంచాడు కొర్రలు పోసి, పైన మొక్కజొన్న పొర ఉండ చేసి కుక్కితే, పక్షి ఆ పొరను లాగి చీల్చుకుంటే తప్ప గింజ అందదు.

దీన్ని మొదటి రోజే పంజరంలో కట్టడం తొందరపాటు. చిలుక కొత్త వస్తువును చూసి బెదురుతుంది కాబట్టి కొన్ని రోజులు పంజరం బయట కనిపించేలా ఉంచి, తరవాత గింజలు పైకి కనిపిస్తుండగా లోపల కట్టి, అది తినడం మొదలుపెట్టాకే పొరతో మూయాలి. గిన్నెలో మేత ఒకేసారి తీసేయకుండా, వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద వారానికోసారి పక్షి బరువు చూస్తూ నెమ్మదిగా తగ్గించడం సరైన పద్ధతి. మేత దొరకబుచ్చుకోవడం రాని పక్షి గింజల పక్కనే పస్తుండగలదు.

తాటాకు పీలికల్లో ఒక తిరకాసు ఉంది. గులాబీ ముఖపు లవ్ బర్డ్ ఆడపక్షి వాటిని ఒకే వెడల్పున కత్తిరించినట్టు కొరికి, తోక మొదట్లోని ఈకల మధ్య దోపుకొని ఎగిరిపోతుంది. అడవిలో గూటికి సరుకు మోసే తీరు అదే. ఆ పని మొదలైందంటే బొమ్మ బొమ్మగా మిగలదు, గూడవుతుంది, గుడ్లు వెంట వస్తాయి, ఒంటరి పక్షి గుడ్డు మీద గుడ్డు పెట్టి ఒంట్లో సున్నం కరగదీసుకుంటుంది. అలాంటి పక్షికి పీలికలు ఆపి, చీకటిగా దూరి కూర్చునే వీలున్న చిప్పను తిప్పి బోర్లించి కట్టి, పుల్లలు, కంకులతో సరిపెట్టాలి. కాకటీల్ ఆడపక్షుల్లోనూ ఇదే జాగ్రత్త అవసరమవుతుంది.

చిప్ప వారాల తరబడి నిలుస్తుంది, పీలికలు రోజుల్లో పోతాయి, కంకి పూటలో ఖాళీ అవుతుంది. రెట్ట పడిన ముక్కను, తడిసిన పొరను అదే రోజు తీసివేయాలి. రెండు మూడు రకాలు చేసి పెట్టుకొని వంతుల వారీగా మార్చితే పక్షికి కొత్తదనం, మనిషికి శ్రమ తగ్గింపు కలిసి వస్తాయి. ఇంత జాగ్రత్తలోనూ పక్షి ఈకలు ఉబ్బించి కదలక కూర్చున్నా, మేత కక్కినా, కాళ్లు పట్టు తప్పినా, రెట్ట రంగు ఒక్కసారిగా మారినా బొమ్మను అనుమానించి, ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. ఊళ్లో పక్షులను చూసే వైద్యుడు లేనప్పుడు ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న పెద్ద కేంద్రం గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. మింగిన లోహం ఎక్స్‌రేలో కనిపిస్తుంది, దాన్ని రక్తం నుంచి తొలగించే మందులున్నాయి. దారం ఉండ గాని, ఆకు విషం గాని అలా కనిపించవు కాబట్టి, పక్షితో పాటు అది కొరికిన బొమ్మ మిగులు ముక్కలను, వాటికి వాడిన తాడు, కొమ్మ నమూనాలను ఒక సంచిలో వేసి వెంట తీసుకుపోవాలి.